మేనమామ బుట్ట

కడకట్ల, తాడేపల్లిగూడెం
వరలక్ష్మీ వ్రతం మర్నాడు

మహాలక్ష్మీ సమానురాలైన మా వదినకి, ఆడపడుచు శేషారత్నం నమస్కరించి, వెంటనే దెబ్బలాటకి దిగుతూ రాయునది.

ఇక్కడ అందరం క్షేమం అని రాద్దామంటే నా కాలు ఒప్పుకోవడం లేదు. తొడలో వేసిన రాడ్డు నా మాట విననంటోంది. నిన్న వ్రతం కుర్చీలో కూర్చునే చేసుకున్నాను. ఏటా తొమ్మిది రకాలు నైవేద్యం పెట్టేదాన్ని, ఈసారి పులిహోర, పూర్ణాలతో సరిపెట్టాను. అవి కూడా తేజ చేసింది. పూర్ణాలు విడిపోయి సగం పప్పు మూకుట్లోనే ఉండిపోయింది. అయిదో తరగతి దాకా అత్తయ్య దగ్గర పెరిగి నేర్చుకున్నది ఇదేనా అని అడిగితే, "అత్తయ్య నాకు తినడం నేర్పింది గానీ వండటం నేర్పలేదమ్మా" అంటోంది. చూశారా, తిరిగి తిరిగి తప్పు మీ మీదకే వచ్చింది.

అసలు సంగతి వినండి. తేజ పెళ్ళికి మళ్ళీ ముహూర్తం కుదిరింది. మాఘమాసంలో గురువారం, పగటి ముహూర్తం, ఇక్కడే గూడెంలో. వదినా, ఈసారి ఏ అడ్డూ రాకూడదు. పోయినేడు లగ్నపత్రిక రాసుకున్న వారానికే పెళ్ళికొడుకు హేమంత్ నాయనమ్మ పోవడం, ఏటి సూతకమని పెళ్ళి ఆగిపోవడం మీకు తెలిసిందే. అప్పటి నుంచీ నల్లజర్లలో వాళ్ళ చుట్టాలు మా పిల్ల జాతకం గురించి గుసగుసలాడుతున్నారు. "ఈసారి కూడా ఏ చావు కబురో వచ్చి ఆగిందంటే ఇక ఈ సంబంధం వద్దు" అని ఆ అబ్బాయి మేనత్త నలుగురిలో అనేసింది. తేజ పైకి నవ్వుతూనే ఉంది గానీ ఆ మాట విన్న రోజు నుంచీ సరిగా తినడం లేదు. హేమంత్ అంటే దానికి ప్రాణం.

ఇక దెబ్బలాట. అన్నయ్య ఫోను ఎందుకు ఎత్తడం లేదు? ప్రతి ఆదివారం పొద్దున్నే "ఒసేయ్ రత్నం, ఇంకా ఉన్నావా?" అని పలకరించేవాడు. ఆ గొంతు విని నెల దాటింది. మీకు చెవులు పోయిన దగ్గర నుంచీ మనిద్దరికీ ఎలాగూ ఉత్తరాలే. ఫోనులో టైపు చేయమని తేజ అంటుంది, అక్షరాలు వెతుక్కునేలోపు నా కోపం చల్లారిపోతుంది. కానీ అన్నయ్యకేమైంది? మీరు తెచ్చిన కైకలూరు సంబంధం కాదన్నామని ఇంకా అలకేనా? "మా పిల్లని చేపల చెరువు గట్టు మీద కూర్చోబెట్టం" అని ఆ రోజు ఈయన నోరు జారిన మాట నిజమే. దానికి నేను ఎన్నిసార్లు చెంపలేసుకోను?

అలక ఎంతయినా పెట్టుకోమనండి, బుట్ట మాత్రం తనే ఎత్తాలి. పెళ్ళికూతుర్ని మేనమామ బుట్టలో ఎత్తుకొచ్చి పీటల మీద దింపాలి కదా. మాకు ఉన్నదే ఒక్క మేనమామ. తేజ ఇప్పటి నుంచే బరువు తగ్గుతానంటోంది, మావయ్యకి నడుం పట్టేస్తుందని.

మీ
రత్నం


శ్రీపర్రు
వినాయక చవితి వెళ్ళాక

చిరంజీవి సౌభాగ్యవతి రత్నానికి, వదిన వీరదుర్గ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేము బాగానే ఉన్నాం.

జవాబు ఆలస్యమైందని తిట్టుకుని ఉంటావు. కొల్లేరు పొంగి ఏలూరు రోడ్డు మునిగింది. పోస్టు లేదు, పాలు లేవు. మన చేలో ఊడ్పులు మూడొంతులు పోయాయి. వసారా మెట్ల దాకా నీళ్ళు వచ్చాయి. గూడకొంగలు రెండు మన పశువుల పాకలో దిగి, వాటి ఇల్లే అన్నట్టు వారం రోజులు ఉన్నాయి.

మీ అన్నయ్య ఫోను పాడైంది. ఆయన మాట్లాడితే అవతలివాళ్ళకి వినపడటం లేదు. నీళ్ళు తగ్గాక ఏలూరులో చూపిస్తారు. అలకా గిలకా ఏమీ లేదు. ముహూర్తం సంగతి చదివి ఎంత పొంగిపోయారనుకున్నావు! నీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని ఊళ్ళో నలుగురికీ చూపించి వచ్చారు.

బుట్ట సంగతి నువ్వు చెప్పేదాకా ఆగుతారా? వరద రాకముందే మేదరివాళ్ళ చేత అల్లించేశారు. పచ్చి వెదురు బద్దలు, అంచుకి రెండు వరసల అల్లిక, నాలుగు చెవులు. మామూలు బుట్ట కాదు, ఏనుగుపిల్లని కూర్చోబెట్టచ్చు. ఇంటికి రాగానే నన్ను అందులో కూర్చోమన్నారు. ఈ వయసులో ఇదేం చోద్యమండీ అంటే వినరే. చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చున్నాను. ఎత్తి రెండడుగులు వేసి దింపారు. "నువ్వే ఇంత తేలిగ్గా ఉన్నావు, తేజ ఒక లెక్కా" అన్నారు. ఎదురింటి కాంతం గోడ మీద నుంచి చూసి నవ్వుతుంటే సిగ్గుతో చచ్చాను.

కాలు జాగ్రత్త. కుర్చీలోంచి లేవకు. ఇంత దూరం రావాలని అసలే అనుకోకు, మన రోడ్డు మీద ఆటో ఎక్కితే ఆ రాడ్డు కాస్తా ఊడొస్తుంది. పెళ్ళి పనులకి నువ్వు నిలబడాలి.

ఆశీస్సులతో
వదిన


కడకట్ల, తాడేపల్లిగూడెం
అట్లతద్ది మర్నాడు

మహాలక్ష్మీ సమానురాలైన వదినకి, రత్నం రాయునది.

నిన్న తేజకి గోరింటాకు పెట్టించి, కన్నెపిల్లగా ఆఖరి అట్లతద్దని వీధిలో పిల్లలందరినీ పిలిచి ఉయ్యాల కట్టించాను. నేను కుర్చీలో కూర్చుని "అట్లతద్దోయ్" అని అరిచాను. తేజ ఊగుతూ ఊగుతూ దిగిపోయి నా పక్కన కూలబడింది. ఏమే అంటే, "మావయ్య పెళ్ళికి వస్తాడంటావా?" అంది.

అది అలా అడగడానికి కారణం ఉంది. పోయిన బుధవారం ఈయన తేజని తీసుకుని పెళ్ళి చీరలకి ఏలూరు వచ్చారు. బట్టల కొట్టు దగ్గరకి అన్నయ్య వస్తాడని మధ్యలో కార్డు ముక్క మీద మీరే రాశారు. తేజ మెట్ల మీద కూర్చుని సాయంత్రం దాకా ఎదురుచూసింది. ఎంచిన చీర కూడా మడత విప్పనివ్వలేదు, మావయ్య చూశాకే అని. ఆఖరికి మా పెదనాన్న కొడుకు పాపారావు వచ్చాడు. "మీ మావయ్యకి పనుండి రాలేదమ్మా, చీర చాలా బావుంది" అని అవతలికి చూస్తూ చెప్పాడట. మావయ్య చిక్కిపోయాడని కూడా నోరు జారి, మళ్ళీ సర్దుకున్నాడట.

వదినా, ఏమిటిది? ఏలూరులో ఫోను బాగుచేసేవాళ్ళే లేరా? పాపారావు ఫోను లేదా? కాంతం ఫోను లేదా? తలుచుకుంటే నాకు ఒక్క మాట వినిపించలేడా? ఒక్కసారి "ఒసేయ్" అంటే చాలు నాకు.

నేను కుంటిదాన్నయి కూర్చున్నాను కనక సరిపోయింది, లేకపోతే ఈపాటికి వచ్చి మీ ఇద్దరినీ నిలబెట్టి కడిగేద్దును. అన్నయ్య చేత రెండు ముక్కలు రాయించండి. మీరు ఆయన మాటగా రాసింది చాలు.

రత్నం


శ్రీపర్రు
కార్తీక పౌర్ణమి

చిరంజీవి సౌభాగ్యవతి రత్నానికి, వదిన ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అంతా బాగానే ఉంది.

తేజని మెట్ల మీద కూర్చోబెట్టిన పాపం మాదే. ఆ రోజు మేము చిన్నతిరుపతి కొండ మీద ఉన్నాం. తేజ పెళ్ళి ఏ అడ్డూ లేకుండా జరగాలని మీ అన్నయ్య తలనీలాలు మొక్కుకున్నారు. ఇప్పుడు నున్నటి గుండుతో ఉన్నారు. పెళ్ళినాటికి జుట్టు వస్తుందో రాదో అని బెంగ, ఫోటోల్లో బావుండనట. చిక్కడం అంటావా, శ్రావణం నుంచీ సోమవారాలు ఉంటున్నారు. అభిషేకం అయ్యేదాకా మంచినీళ్ళు కూడా ముట్టరు. వద్దని చెబితే వినే మనిషా?

ఇవాళ పొద్దున్నే కాలవలో దీపాలు వదిలాం. అరటి దొప్పలో తేజ పేరున ఒకటి వదిలారు. అది కాసేపు తూటుకాడ మొక్కలకి చిక్కుకుంటే కర్రతో తోసి పంపించారు. అది కనపడినంత దూరం చూస్తూనే ఉన్నారు.

మాట వినిపించమన్నావు. ఆయన ఒప్పుకోలేదు రత్నం. నన్నేం చేయమంటావు చెప్పు? కానీ రాయమంటే రాశారు. కింద ఉన్నది ఆయన చేతిరాతే.

ఆశీస్సులతో
వదిన

"రత్నం, బుట్ట నేనే ఎత్తుతాను. నువ్వు మాత్రం పెళ్ళి పనుల్లో బిందెలూ బస్తాలూ ఎత్తకు. అమ్మ తర్వాత నీకు ఆ బుద్ధి చెప్పేవాళ్ళు లేరు. తేజకి చెప్పు, కడుపు నిండా తినమని. — అన్నయ్య"


కడకట్ల, తాడేపల్లిగూడెం
పుష్యమాసం

వదినగారికి, శేషారత్నం రాయునది.

మొదటి శుభలేఖ పుట్టింటికి ఇవ్వడం ఆచారం. నేను స్వయంగా వచ్చి మీకు బొట్టు పెట్టి పిలవాలి. కర్ర పట్టుకుని నడుస్తున్నాను గానీ అంత దూరం ప్రయాణం వద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని ఈయన్ని పంపాను. మీరు అన్నీ మరిచిపోయి ఈయన చేతికి ఒక గ్లాసుడు మంచినీళ్ళు ఇచ్చినా నా మనసు నిమ్మళించేది.

పొద్దున్న వెళ్ళిన మనిషి చీకటిపడే వేళకి వచ్చారు. వచ్చి కాళ్ళు కడుక్కోకుండా పెరట్లో గచ్చు మీద కూర్చుండిపోయారు. అన్నం వద్దన్నారు. ఏమన్నారండీ మా వాళ్ళు అంటే, "బాగానే ఉన్నారు, వస్తామన్నారు" అని ముఖం తిప్పుకున్నారు. ఇరవై ఏడేళ్ళుగా ఆయనతో కాపురం చేస్తున్నాను. ఆయన అబద్ధం చెప్పేటప్పుడు తువ్వాలుతో మెడ తుడుచుకుంటారు. మాట్లాడినంతసేపూ తుడుచుకుంటూనే ఉన్నారు.

మీ ఇంట్లో ఏం జరిగింది? నా భర్తని ఏమన్నారు? ఆయన నోరు జారింది ఒక్కసారి. దానికి ఇంటికి వచ్చిన మనిషిని తలవంచుకునేలా చేస్తారా? పెళ్ళికూతురి తండ్రిని, శుభలేఖ పట్టుకుని గడప తొక్కినవాణ్ణి?

అన్నయ్య రాసిన రెండు వరసలు పూజగదిలో పెట్టుకున్నాను. ఆ మాట మీద ఉంటాడని ఇంకా నమ్ముతున్నాను. మాట తప్పితే మాత్రం వదినగారూ, నాకు పుట్టిల్లు లేదనుకుంటాను.

శేషారత్నం


శ్రీపర్రు
మాఘం, మంగళవారం ఉదయం
(పాపారావు చేత)

చిరంజీవి సౌభాగ్యవతి రత్నానికి,

పాపారావు చేత బుట్ట పంపుతున్నాను. పసుపు రాసి, ఎర్ర చారలు దిద్దాం. అంచు గుచ్చుకోకుండా లోపల మెత్తటి పంచె కుట్టాను. పెళ్ళికూతుర్ని ఇందులోనే కూర్చోబెట్టు.

మీ అన్నయ్య రారు. నేనే వద్దన్నాను. ఆ రోజు మీ ఇంట్లో పడ్డ మాట నేను మరిచిపోలేకపోయాను. తప్పు నాది, ఆయనది కాదు. నన్ను ఎన్ని మాటలన్నా పడతాను. ఆయన్ని ఏమీ అనకు. పెళ్ళి ఆపకు. ఎవరు ఏం చెప్పినా, ఏం విన్నా, పెళ్ళి మాత్రం ఆపకు.

తేజకి నా ఆశీస్సులు.

వదిన


కడకట్ల
మంగళవారం మధ్యాహ్నం
(పాపారావు చేతనే)

అన్నయ్యకి,

ఈ ఉత్తరం నీకే రాస్తున్నాను, వదినకి కాదు. ఆవిడ వద్దంటే మానేశావా? చేతులు నీవి కావా? తేజకి జ్వరమొస్తే కొల్లేటి గట్టు మీద భుజాన వేసుకుని ఆసుపత్రికి నడిచావే, ఆ రోజు ఆవిడని అడిగే ఎత్తుకున్నావా?

ఎత్తేవాడు లేని బుట్ట నాకెందుకు? తిప్పి పంపిస్తున్నాను. మీ దొడ్లో కోళ్ళని మూసుకోండి.

నా కూతురి పెళ్ళికి నువ్వు రానక్కరలేదు. రేపు నేను చచ్చినా రానక్కరలేదు. నాకు అన్నయ్య లేడనే అనుకుంటాను. ఇక నీ దారి నీది.

శేషారత్నం


కడకట్ల, తాడేపల్లిగూడెం
శుక్రవారం

మహాలక్ష్మీ సమానురాలైన వీరదుర్గగారికి,

పెళ్ళి జరిగింది. మీరు కోరుకున్నట్టే జరిగింది.

పుట్టింటి వాళ్ళ కోసం మండపంలో ఒక వరస కుర్చీలు వేయించాను. ఒక్క మనిషి కూడా రాలేదు. పాపారావు రాలేదు, వాళ్ళ కోడళ్ళు రాలేదు, ఇంటిపేరున్న పిల్లాడు ఒక్కడు రాలేదు. మీరు రాకపోవడమే కాక అందరినీ కట్టేశారన్నమాట. ఆ అబ్బాయి మేనత్త ఖాళీ కుర్చీలు చూసి, "మీ వైపు ఎవరూ లేరా వదినగారూ?" అని అడిగింది. ప్రయాణంలో ఆలస్యమైందని చెప్పాను. ముహూర్తం దాటేదాకా అదే అబద్ధం చెప్పాను.

గౌరీపూజ అయ్యాక పురోహితుడు "మేనమామగారు రావాలి" అని మూడుసార్లు పిలిచాడు. తేజ గుమ్మం వైపే చూసింది. ఆఖరికి మండపం వాళ్ళ అద్దె బుట్ట తెచ్చి, ఈయన స్నేహితుడి కొడుకు ఒకవైపు, వంటమేస్త్రీ తమ్ముడు ఒకవైపు పట్టుకున్నారు. దించేటప్పుడు ఒకవైపు జారి దాని మోచెయ్యి గీసుకుంది. "పర్లేదమ్మా" అంది. ఆ మాటకే నా గుండె పగిలింది.

అల్లుడి కాళ్ళు కడుగుతూ ఈయన వెక్కివెక్కి ఏడ్చారు. ఆడపిల్ల తండ్రి కదా అని అందరూ ఓదార్చారు. నేను మాత్రం ఒక్క చుక్క రాల్చలేదు. మీ మీద కోపమే నన్ను నిలబెట్టింది. అందుకు మీకు నమస్కారం.

ఇక ఉత్తరాలు రాయకండి.

శేషారత్నం


శ్రీపర్రు
శనివారం

రత్నం,

తేజ మూడు రాత్రులూ అయ్యాక నీ చేతికి ఇమ్మని మీ ఆయన జయకృష్ణ అన్నయ్యగారికి ఈ ఉత్తరం పంపుతున్నాను. ముందు కూర్చో. మీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

మీ అన్నయ్య లేరు. బుధవారం తెల్లవారుతుండగా వెళ్ళిపోయారు. తేజ పెళ్ళికి ఒక్క రోజు ముందు.

ఆయన ఫోను పాడవలేదమ్మా, గొంతు పోయింది. నువ్వు కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నప్పుడే దగ్గు మొదలైంది. విజయవాడలో చూపిస్తే ఊపిరితిత్తిలో గడ్డ అన్నారు. అది గొంతు నరాన్ని నొక్కేసింది. శ్రావణమాసానికి ఆయన నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు. తలనీలాలు కొండ మీద ఇవ్వలేదు, మందులకి దిండు మీద రాలిపోయాయి. తేజ మెట్ల మీద ఎదురుచూసిన రోజు ఆయన చేతికి సూది ఉంది. బుట్టలో నన్ను కూర్చోబెట్టిన మాట నిజం. ఎత్తిన మాట అబద్ధం. బుట్ట నేల వదల్లేదు. రెండోసారి ప్రయత్నించి, నా భుజం పట్టుకుని గుక్క తిప్పుకోలేక అలాగే వంగిపోయారు. కాంతం నవ్వలేదు, గోడ దూకి వచ్చి పట్టుకుంది.

నీకు చెబుదామని నేను ఎన్నిసార్లు బతిమాలానో. "దానికి తెలిస్తే కుంటుకుంటూ వచ్చేస్తుంది. వచ్చి చూస్తే పీటల మీద కూర్చోదు. పెళ్ళి ఆగితే తేజ బతుకు ఆగిపోతుంది" అన్నారు. చావు దగ్గరపడిందని తెలిశాక ఒకే మాట పట్టుకున్నారు. అన్న పోతే ఆడపడుచుకీ మైల ఉంటుంది, కబురు తెలిస్తే నల్లజర్ల వాళ్ళు ఇక పిల్లనే వద్దంటారు, కనక మూడు రాత్రులు దాటాకే చెప్పాలని. నా చేతా, పాపారావు చేతా, శుభలేఖ ఇవ్వడానికి వచ్చిన మీ ఆయన చేతా చేతిలో చెయ్యి వేయించుకున్నారు. ఆ రోజు మీ ఆయన ఆయన మంచం కోడు పట్టుకుని కూర్చుండిపోయారు. మేము ఎవరినీ అవమానించలేదు తల్లీ.

మన వాళ్ళు పెళ్ళికి రాకపోవడానికి కారణం అది. ఇంటిపేరున్న వాళ్ళందరికీ మైల. మైలతో వచ్చి పెళ్ళిపందిట్లో అడుగు పెట్టలేరు, రాలేమని నీకు చెప్పలేరు. గురువారం పగలంతా వసారాలో చాపల మీద కూర్చున్నాం. పాపారావు గడియారం చూసి, "ఇప్పుడు జీలకర్ర బెల్లం పెట్టి ఉంటారు" అన్నాడు. అందరూ అక్షింతలు లేని చేతులు ఎత్తి దండం పెట్టారు.

ఒక్క సంగతి నీకే చెప్పుకుంటాను. నాకు చెవులు పోయి పన్నెండేళ్ళు. అన్నాళ్ళూ ఆయన పెదాలు చూసే విన్నాను. అందుకని ఆయన గొంతు పోయినప్పుడు ఊళ్ళో అందరికీ ఆయన మాట పోయింది గానీ నాకు పోలేదు. ఎప్పుడూ వినపడినట్టే వినపడ్డారు. ఆసుపత్రిలో డాక్టర్లు నన్ను పిలిచి "ఏమంటున్నారమ్మా?" అని అడిగేవారు. చెవిటిదాన్ని నేను విని అందరికీ చెప్పేదాన్ని. ఆ ఆర్నెల్లూ ఆయన మాట అచ్చంగా నాదే. అంత దుఃఖంలోనూ నాకు అది గొప్పగా ఉండేది. ఇప్పుడు నాకు ఎవరి మాటా అక్కరలేదు.

పదకొండో రోజుకి రా. నెమ్మదిగా రా.

వదిన


కడకట్ల, తాడేపల్లిగూడెం
మాఘం చివర

వదినా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చించేశాను. పోయిన ఉత్తరంలో వెటకారంగా మహాలక్ష్మీ సమానురాలని రాశాను. నేను ఆ మాట రాసేనాటికే మీ పసుపుకుంకాలు పోయాయి. ఆ ఉత్తరమూ, మీ ఉత్తరమూ దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. దాన్ని చింపేయండి. చదివే ఉంటారు, అయినా చింపేయండి.

పదకొండో రోజున మీ ఇంటి నిండా జనం. మీరు గదిలో మూల కూర్చున్నారు. నా తల మీద చెయ్యి వేశారు. నేను అడగవలసింది ఒకటుంది. అడగాలంటే మీ ముందు నిలబడి అరవాలి. అంతమంది ముందు అరిచి అడిగే మాట కాదది. అందుకే ఇంటికొచ్చి రాస్తున్నాను.

మంగళవారం నేను తిప్పి పంపిన బుట్ట అన్నయ్య చూశాడా? నా ఉత్తరం చదివాడా?

పాపారావుని అడిగితే నీళ్ళు నమిలాడు. ఈయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు. అంటే చదివాడని నాకు తెలుసు. అన్నయ్య లేడనే అనుకుంటానని నేను రాసిన మాట చదివి, మర్నాడు పొద్దున్నకి నిజంగానే లేకుండా పోయాడు. నాకు ముద్ద దిగడం లేదు. కాలు నొప్పి కూడా తెలియడం లేదు.

చదివాక ఏమన్నాడు వదినా? ఏదో ఒకటి అనే ఉంటాడు. నా మీద ఒక్క మాటయినా అనకుండా ఉండే మనిషి కాదు. తిట్టాడా? ఏడిచాడా? "పిచ్చిది" అన్నాడా? అది మీకు తప్ప ఈ లోకంలో ఎవరికీ తెలియదు. తిట్టినా సరే, ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆ ఒక్క మాట పట్టుకుని బతుకుతాను.

మీ
రత్నం


శ్రీపర్రు
శివరాత్రి వెళ్ళాక

రత్నం,

చదివారు.

నేను దాచేద్దామనుకున్నాను. పాపారావు బుట్ట తెచ్చి వసారాలో దింపిన చప్పుడు ఆయనకి వినపడింది. నేను వంటింట్లో జావ కాస్తున్నాను, నాకు వినపడలేదు. వచ్చేసరికి ఉత్తరం ఆయన చేతిలో ఉంది. పాపారావు గుమ్మంలో తల దించుకుని నిలబడ్డాడు.

రెండుసార్లు చదివారు. మడిచి గుండెల మీద పెట్టుకుని నా వైపు తిరిగారు. చెప్పడం మొదలుపెట్టారు.

ఆయన ముఖానికి ఆక్సిజన్ మాస్కు ఉంది రత్నం. ముందు రోజే పెట్టారు. లోపలంతా ఆవిరి పట్టేసింది. దవడ కదులుతోంది, కళ్ళు నా మీదే ఉన్నాయి. పెదాలు కనపడటం లేదు. నేను దగ్గరగా వంగాను, వెలుతురుకి కిటికీ తలుపు పూర్తిగా తీశాను. అయినా కనపడలేదు. మాస్కు పక్కకి జరిపితే ఆయన ఒళ్ళంతా ఎగిరిపడింది, ఇంటికి పిలిపించిన నర్సు నా చెయ్యి పట్టుకుని మళ్ళీ పెట్టేసింది. పాపారావు చెవి ఆనించి విన్నాడు. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదన్నాడు. కలం ఇచ్చాను. ఒక గీత పడి వేళ్ళలోంచి జారిపోయింది.

ఆయన ఆపలేదు. చాలాసేపు చెప్పారు. మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకుని మళ్ళీ చెప్పారు. ఆఖరికి నాకు అర్థమైందా అన్నట్టు కనుబొమ్మలు ఎత్తారు.

నేను తల ఊపాను. అర్థమైందన్నాను. "రత్నానికి చెబుతాలెండి" అన్నాను. అప్పుడు కళ్ళు మూసుకున్నారు. తర్వాత తెరవలేదు.

నీ ఉత్తరం వచ్చి వారమైంది. రోజూ కలం పట్టుకున్నాను. నవ్వారనీ, పిచ్చిది అన్నారనీ, దీవించారనీ రాయచ్చు. నువ్వు నమ్ముతావు. ఆర్నెల్లు నీకు అబద్ధాలు బాగానే రాశాను. కానీ అవన్నీ ఆయన రాయమన్నవి. ఇది మాత్రం నేను కల్పించి ఆయన నోట్లో పెట్టాలి. అది నా వల్ల కావడం లేదు.

ముప్ఫై రెండేళ్ళ కాపురంలో ఆయన చెప్పింది నాకు తెలియకపోవడం అదొక్కసారే. అది నీకు చెప్పమన్న మాట. ఏమన్నారో నాకు తెలియదమ్మా. నాకు కనపడలేదు.

వదిన